మూగోడని చెప్పిన రోజు

కుడి బూటు అతనికి సరిపోలేదని నాకు బస్సులోనే అర్థమైంది. అఫ్జల్‌గంజ్‌లో ఎక్కి మొయినాబాద్‌లో దిగేలోపు దాని తాళ్ళు మూడుసార్లు విప్పి కట్టుకున్నాడు. ముఖం మాత్రం కొత్త పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది.

అవి జుమ్మేరాత్ బజార్లో ఏరి తెచ్చుకున్న ఫౌజీ బూట్లు. పాతవే గానీ, రోడ్డు పక్కన చెప్పులు కుట్టే ముసలాయన చేత కొత్త అట్టలు వేయించి మేకులు కొట్టించాడు. వాటితో పాటు ఒక కిత్తాన్ గుడ్డ వీపు సంచి, ఉన్ని తొడుగు వేసిన మిలిటరీ నీళ్ళ బుడ్డి. చలికాలంలో శ్రీశైలం అడవిలో నడవాలని మా ఇద్దరి కోరిక. అంతకుముందే సామాను ఒకసారి పరీక్షించి చూసుకుందామని ఒక ఆదివారం చిలుకూరు అడవికి బయలుదేరాం.

అతను ఆఫీసులో నా పక్క బల్ల గుమస్తా. గోదావరి జిల్లా మనిషి. నాది మొయినాబాద్ పక్కన చిన్న మంగళారం. అది అరవై తొమ్మిదో సంవత్సరం. ప్రత్యేక తెలంగాణ కావాలని ఊళ్ళకు ఊళ్ళు రోడ్ల మీదికి వచ్చిన రోజులు. ఆఫీసులో ముల్కీలు ఒక మూల, బయటి నుంచి వచ్చినవాళ్ళు ఒక మూల కూర్చునేవారు. ఊరేగింపుల్లో నేనూ నడిచాను, గొంతు పోయేలా అరిచాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడను. మా ఉద్యోగాలు మాకు కావాలనడంలో తప్పేముంది? సాయంత్రమైతే మాత్రం అతనితోనే ఇరానీ హోటల్లో కూర్చునేవాణ్ణి. నాకు ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం రాలేదు. తక్కినవాళ్ళు అలా అనుకోరని భయం.

అందుకని నెల రోజులు అతనికి మా మాట నేర్పాను. ‘ఉంది’ కాదు, ‘ఉన్నది’ అనాలి. ‘ఎలా’ కాదు, ‘ఎట్ల’. తెలివైనవాడు, అన్నీ పట్టుకున్నాడు. కానీ ప్రతి మాట చివరా వాళ్ళ ఊరి ‘ఆయ్’ ఒకటి ఉండేది. అది పోలేదు. “మంచిగున్నదండీ, ఆయ్” అనేవాడు.

బస్సు దిగగానే విసుగొచ్చి చెప్పాను. “నీతోని కాదు గానీ, ఎవరన్న ఎదురైతె నోరు తెరవకు. మూగోడని చెప్త.”

“అలాగేనండీ, ఆయ్,” అని పగలబడి నవ్వాడు. నాకంటే రెండేళ్ళే చిన్న. చివరిదాకా నన్ను ‘మీరు’ అనే పిలిచాడు.

తొలకరి పడి నాలుగు రోజులైంది. మోదుగులు, తునికి చెట్లు కడిగినట్టున్నాయి, కాలి కింద ఎర్ర బురద. మొదటి గంట హాయిగా నడిచాం. పది అడుగులకోసారి ఆగి బుడ్డిలో నీళ్ళు తాగేవాడు, దాహమై కాదు, బుడ్డి కొత్తగా చేతికొచ్చిందని. సంచి పట్టీ భుజాన్ని కోస్తోందని దాని కింద తువ్వాలు మడిచి పెట్టుకున్నాడు.

అప్పుడు తగిలాడు మేకలు కాసే ముసలాయన. కనకమామిడి వైపు మనిషి, భుజాన గొంగడి. “యాడికి బిడ్డా?” అన్నాడు.

“జంగల్ చూడనీకి తాతా.”

“ఈ పిల్లగాడెవరు?”

“మా దోస్తు. మూగోడు.”

“అయ్యో!” అని నొచ్చుకుని ఆయన మా వెంటే నడిచాడు. పట్నంల గొడవలు ఎట్లున్నయ్, పోలీసులు ఇంకా కొడుతున్నరా అని అడుగుతున్నాడు. నేను చెబుతున్నాను. వెనక నుంచి ఒక చెయ్యి నా భుజం తట్టింది. తిరిగి చూసి కళ్ళురిమాను. కాసేపటికి మళ్ళీ తట్టింది. మళ్ళీ ఉరిమాను. మూడోసారి తట్టలేదు.

ముందుకు వెళితే బండ మధ్య నీళ్ళ గుంట ఉందని చూపించడానికి ముసలాయన నన్ను తీసుకెళ్ళాడు. అతను వెనకే ఒక రాయి మీద కూర్చుండిపోయాడు. మేకల కోసం ముసలాయన ముందే వెనక్కి వెళ్ళాడు, నేను నీళ్ళు తాగి వచ్చేసరికి ఒక మేకపిల్ల అతని ఒళ్ళో ఉంది. లేచి నడవబోతే కుంటాడు.

“జర ఆగు బిడ్డా, కాలు నొస్తున్నట్టున్నది. బూటు ఇప్పుమను, నేను చూస్త,” అన్నాడు ముసలాయన.

“ఏం గాలె తాతా. కొత్త బూట్లు, గంతె,” అని అతని రెక్క పట్టుకుని లాక్కుపోయాను. బూటు విప్పితే ‘అబ్బా’ అంటాడు, అన్నాక దాని వెనకే ‘ఆయ్’ వస్తుంది. నా భయం అదీ.

ముసలాయన కనుమరుగయ్యాక బూటు విప్పాం. అట్టకు కొట్టిన మేకు ఒకటి లోపలికి పొడుచుకొచ్చింది. మేజోడు నెత్తురుతో, బురదతో ముద్దయింది. “ఎప్పట్నుంచి?” అన్నాను.

“ఆ పెద్దాయన కలిసిన కాణ్ణించండీ. రెండుసార్లు చెబుదామనుకున్నాను.” నొప్పిలోనే నవ్వాడు. “మూగాణ్ణి కదండీ.”

ఎలాగో మా ఇంటికి చేర్చాను. మా అవ్వ వేడినీళ్ళతో కడిగి పసుపు పెట్టింది. “తుప్పు మేకు దిగిందిరా. ఇప్పుడే చేవెళ్ళ దవాఖానకు తీస్కపో. సూది ఇప్పియ్యి.”

“ఆడ పేరు, ఊరు అడుగుతరవ్వా. ఏమని చెప్పాలె? రేపు పట్నంల ఇప్పిస్త.”

అవ్వ నా ముఖం చూసి, పాత చీర చింపి కాలికి కట్టు కట్టింది. మర్నాడు పట్నంలో బందు. ఆ మర్నాడు గాయం మూసుకుపోయింది, నొప్పి లేదన్నాడు. సూది సంగతి అతను మరిచిపోయాడు. నేను మరిచిపోలేదు, ఇక అవసరం లేదులే అనుకున్నాను.

ఎనిమిదో రోజు ఆఫీసులో టిఫిన్ డబ్బా మూత తీసి, దవడ పట్టేసినట్టుందండీ అన్నాడు. సాయంత్రానికి పళ్ళ మధ్య చెంచా కూడా దూరలేదు. ధనుర్వాతం అన్నారు దవాఖానలో. చప్పుడైతే ఒళ్ళంతా విల్లులా వంగిపోతుందని చీకటి గదిలో పడుకోబెట్టి, ఎవరూ మాట్లాడకూడదన్నారు. నేను మాట్లాడకుండా కూర్చున్నాను. అతని కళ్ళు నన్నే చూసేవి. నోరు తెరవకు అన్నది నేనే. ఆ మాట నా తలలో అరుస్తూనే ఉంది. నాలుగో రోజు పోయాడు.

తండ్రి రైల్లో వచ్చాడు. “ఆఖర్న ఏవన్నా చెప్పాడా బాబూ?” అని అడిగాడు. లేదండీ అన్నాను. సంచి, నీళ్ళ బుడ్డి తీసుకెళ్ళాడు. బూట్లు ఎవరూ అడగలేదు.

చలికాలంలో మొయినాబాద్ బస్సుల దగ్గర ఆ ముసలాయన కనబడి నన్ను గుర్తుపట్టాడు.

“ఆ గోదారి పిల్లగాడు మంచిగున్నడా బిడ్డా?”

గోదావరి అని ఎట్ల తెలుసు తాతా అన్నాను.

“మీరు బూట్లేసుకొని వచ్చిన నాడు మేకపిల్లతోటి మాట్లాడుతుంటె విన్న. ‘దా అమ్మా, దా, ఆయ్’ అనుకుంట. ఎంత ముద్దుగ మాట్లాడిండు! మూగోడని ఎందుకు చెప్పినవో నాకు సమజ్ కాలె. కాలు సూస్తనంటె గుంజుకపోతివి. నడవలేకపోతె నేనే బండి కట్టి చేవెళ్ళకు తోలుకపోదును.”

“మంచిగనే ఉన్నడు తాతా. వాళ్ళ ఊరికి పోయిండు.”

“గట్లనా. ఈసారి తోలుకొచ్చినప్పుడు మాట్లాడనియ్యి బిడ్డా,” అన్నాడు.