ఉమ్ ఫలాహ్ మగ్గం

నిన్న సాయంత్రం రాయచోటిలో వాన పడింది. తగ్గేదాకా నిలబడదామని గొర్రెల కాపరి ఒకాయన మా అరుగెక్కాడు. ఆయన భుజం మీది తడిసిన గొంగళి వాసన లోపలికి వచ్చేసరికి, కుడుతున్న జాకెట్టు పక్కన పెట్టేశాను. తడి ఉన్ని వాసన తగిలితే నేను మా ఊళ్లో ఉండను. కువైట్‌లో, జహ్రాలోని ఒక ఇంటి పెరట్లో, నేలకు మేకులు దిగ్గొట్టి బిగించిన మగ్గం పక్కన ఉంటాను. ఆ మగ్గం ఉమ్ ఫలాహ్ అనే ముసలామెది.

అప్పట్లో నేను సాల్మియాలో ఒక టీచరమ్మ ఇంట్లో పనిచేసేదాన్ని. యజమానురాలిని పనివాళ్లం మామా అనే పిలుస్తాం. ఆమె కూతురు నూరాకు, వచ్చే చలికాలంలో చేసేలా పెళ్లి కుదిరింది. కొత్త కాపురం గోడకు సదు బట్ట నేయించి పెట్టాలని మామా కోరిక. సదు అంటే ఎడారి గుడారాల్లో బతికిన బదూ ఆడవాళ్లు ఉన్ని వడికి నేసే బట్ట. ఎవరో చెబితే ఉమ్ ఫలాహ్‌ను వెతుక్కుంటూ వెళ్లాం. మామా సంచిలోంచి సోఫా గుడ్డ ముక్క తీసి, సరిగ్గా ఈ ఆకుపచ్చ రంగే కావాలంది. ముసలామె ఆ ముక్కను వేళ్ల మధ్య నలిపి చూసి తిరిగి ఇచ్చేసింది.

"నేసేది ఎవరికో చెప్పు చాలు. ఎట్లా నేయాలో చెప్పొద్దు. ముందు పిల్లను తీసుకురా."

మామాతో అలా మాట్లాడిన మనిషిని నేనంతకు ముందు చూడలేదు. కోపం వస్తుందనుకున్నాను. మామా నవ్వేసి, మరుసటి వారమే నూరాను తీసుకెళ్లింది. ముసలామె ఆ పిల్లతో పూటంతా కబుర్లాడి, ఎరుపూ నలుపూ తెలుపూ పోగులతో పడుగు వేసింది.

ఆ తర్వాత ఉన్ని చుట్టడానికి సాయంగా మామా నన్ను అక్కడ దించి వెళ్లేది. నాకు వచ్చీరాని అరబ్బీలోనే మాటలు సాగేవి. ఒకరోజు ముసలామె, మీవాళ్లు ఏం చేస్తారని అడిగింది. "ఏమీ చేయరు, వేరుశనగ పండిస్తారు" అన్నాను. జింక కొమ్ముతో పోగులు బిగిస్తున్న చెయ్యి ఆగింది. "నేలలోంచి తిండి తీయడం ఏమీ చేయకపోవడమా? ఇంకెప్పుడూ అట్లా అనకు" అంది. అది తిట్టే. కానీ మావాళ్ల గురించి చెప్పడానికి నేను సిగ్గుపడుతున్నానని ఆ తిట్టుతోనే నాకు తెలిసింది.

1990 ఆగస్టులో ఒక పొద్దున తుపాకుల మోత వినబడింది. ఇరాక్ ట్యాంకులు జహ్రా దారిన దిగాయి. ఉమ్ ఫలాహ్ కొడుకు తన పెళ్లాం పిల్లలతో సౌదీ సరిహద్దుకు బయలుదేరుతూ తల్లిని రమ్మన్నాడట. ఒప్పుకున్న పని వదిలి రానందట. చేసేది లేక, చుట్టచుట్టిన మగ్గంతో సహా ఆమెను మా ఇంట్లో దించి పోయాడు. మామా పెరట్లో చెట్లకని వదిలిన మట్టిలో మళ్లీ మేకులు దిగాయి. వేకువ చల్లదనంలో నేసి, ఎండెక్కగానే లేచేది.

రాజంపేట సుబ్బన్న మా ఇంటి డ్రైవరు. రోజూ ఒకటే పోరు. "మనోల్లంతా పోతాండారు లక్ష్మీ. బాగ్దాద్ మీద నుంచి అమ్మాన్ దాకా బస్సులుండాయంట. ఈడ కూసోని ఏం జేస్తావు?" మామా కూడా పొమ్మంది, నా పాస్‌పోర్టు చేతిలో పెట్టి ఏడ్చింది. నాకే కాళ్లు కదల్లేదు.

అంతలో ఒక ఉదయం సైనికులు ఇంట్లోకి వచ్చారు. నూరాను వంటగది వెనక సామాన్ల గదిలో దాచాం. టీవీ మోశారు, కారు తాళాలు తీసుకున్నారు. పెరట్లోకి వచ్చిన ఒక కుర్ర సైనికుడు బట్టను బూటుతో తాకి, ఇది కూడా కోసి ఇమ్మన్నాడు. లోపలి గదులు వెతకకుండా పోతే చాలని మామా, "తీసుకోండి, తీసుకుపోండి" అంది.

ఉమ్ ఫలాహ్ నేసిన భాగం మీదే కూర్చుని ఉంది. లేవలేదు.

"ఆమె ఎట్లా ఇస్తుంది నాయనా? పని అయ్యేదాకా ఇది నాది. మధ్యలో కోస్తే దారాలు తప్ప నీకేం మిగలదు. ఎండలో వచ్చావు, నీళ్లు తాగు."

ఆ పిల్లవాడు ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. ఆమె చేత్తోనే నీళ్లు తాగాడు. బయటినుంచి ఎవరో "యల్లా, పద" అని కేకేస్తే వెళ్లిపోయాడు.

వాళ్లు పోయాక, "నీకు భయం వేయలేదా?" అని అడిగాను.

"ఎందుకు వేయదు? చేతిలో పని ఉంది కాబట్టి, దాన్ని పట్టుకుని కూర్చున్నా."

చివరికి నేనూ పోక తప్పలేదు. బయలుదేరే రోజు ఉమ్ ఫలాహ్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా చేత కాస్త నేయించింది. నేసింది వంకర పోయింది. విప్పుతానంటే వద్దంది. "నువ్వూ ఉన్నావు కదా ఈ ఇంట్లో" అంది. ఆ మాట వినే బస్సెక్కాను.

యుద్ధం ముగిశాక మామా మళ్లీ పిలిపించింది. బట్ట నూరా ఇంటి గోడ మీద ఉంది. ఉమ్ ఫలాహ్ లేదు. కొన ముడులు వేసి, "ఖలాస్, ఇప్పుడు నీది" అని మామా చేతికిచ్చిందట. ఆ చలికాలంలోనే, కొడుకు తిరిగి రాకముందే, జ్వరంతో పోయింది. మామా ఇది చెబుతుంటే ఇద్దరం ఆ గోడ కిందే కూర్చుండిపోయాం.

భయం నాకు ఇప్పటికీ పోలేదు. ఆ మధ్య మా ఆయనకు గుండె ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ ఆస్పత్రి వరండాలో ఒక చీరకు ఫాల్ కుడుతూ కూర్చున్నాను. "మొగుడు లోపలుంటే ఈమె కుట్టుకుంటాందే" అని పక్కనున్నామె ఎవరితోనో అంది. నేను తలెత్తలేదు. తలుపు తెరుచుకుని డాక్టరు బయటికి వచ్చి నా పేరు పిలిచినప్పుడు, లేచి నిలబడే శక్తి నాకు ఉండింది.