పదకొండు మిల్లీమీటర్ల వాన

జూలై పదిహేడు, బుధవారం, ఉదయం ఎనిమిది గంటల ముప్పై నిమిషాలు. ఆకాశంలో మేఘమన్నది లేదు. పడమటి గాలికి ఆలూరు తాలూకా కచేరీ ఆవరణంతా దుమ్ము లేస్తోంది. ఆ రోజుల్లో నేను మనుషుల మాట కన్నా, కంటికి కనిపించేదాని కన్నా, వాన నీళ్లు కొలిచే కొలగాజు మీది గీతనే ఎక్కువగా నమ్మేవాణ్ని. ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు. కాకపోతే, ఆ ఒక్క ఉదయం ఆ నమ్మకం నా దగ్గర నుంచి ఏమి పట్టుకుపోయిందో తేల్చుకోవడానికి నాకు నలభై ఏళ్లకు పైగా పట్టింది.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. కచేరీలో చిన్న గుమాస్తాను. నా విధుల్లో ఒకటి, ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు ఆవరణలోని వర్షమాపకం మూత తీసి, లోపలి సీసాలో చేరిన నీటిని కొలగాజులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో రిజిస్టరులో ఎక్కించడం. ఆ ఏడు జూన్ ఒకటి మొదలు నేను రాసింది ఒకటే మాట: నిల్. (పైన రాసినదానికి కింద రెండు చుక్కలు పెట్టి సరిపుచ్చవచ్చునని పెద్ద గుమాస్తా సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. ప్రతి రోజూ పూర్తిగా రాసి సంతకం చేశాను.) మెట్ట చేలలో విత్తనం వేయడానికి కాచుకుని ఉన్న రైతులు కంచె దగ్గరికి వచ్చి నిలబడేవారు. వాళ్లలో అందరూ బీడీ తాత అని పిలిచే ముసలాయన రోజూ హాజరు. "ఏం సారూ, మీ గిన్నెలో ఏమన్నా పడిందా?" అనేవాడు. "నిల్ తాతా" అనేవాణ్ని. "నిల్లంటే?" "ఏమీ లేదని." "ఆ ముక్క మా చేను నిన్ననే చెప్పిందిలే" అని బీడీ ముట్టించుకుని వెళ్లిపోయేవాడు.

నా రెండో వ్యాపకం ప్రేమ నవల. కర్నూలు వారపత్రిక ఒకటి దాన్ని సీరియల్‌గా వేస్తోంది. కథానాయకుడు తాలూకా కచేరీ గుమాస్తా, నాయిక ఉపాధ్యాయురాలు. (ఇది కేవలం యాదృచ్ఛికమని నేను అప్పట్లో హృదయపూర్వకంగా నమ్మాను.) కథ ఆలూరులోనే, ఏ వారానిది ఆ వారమే జరుగుతుంది. "తొలకరి పడిన రోజు నా మనసులో మాట చెబుతాను" అని నాయకుడు రెండో అధ్యాయంలో ప్రతిజ్ఞ చేశాడు. జూన్ మొదటి వారంలో రాసిన వాక్యమది. ఏటా ఆ వేళకు నాలుగు చినుకులైనా పడేవి గనుక ధైర్యంగా రాశాను. ఆ ఏడు పడలేదు. రిజిస్టరులో లేని వానను కథలో కురిపించడానికి నా చెయ్యి ఆడలేదు. అందుచేత నాలుగో అధ్యాయంలో నాయకుడు గొడుగు కొన్నాడు. ఐదులో దాన్ని తెరిచి చూసుకున్నాడు. ఆరులో, ఒక్క చినుకైనా ఎరగని ఆ గొడుగును మరమ్మతుకు ఇచ్చాడు. ఏడో అధ్యాయం అందాక సంపాదకుడి నుంచి కార్డు వచ్చింది: "వచ్చే అధ్యాయంలో మీ నాయకుడు నోరు విప్పకపోతే, ఆ నోరు మేమే శాశ్వతంగా మూయించవలసి వస్తుంది."

నా దస్తూరి కంపోజింగు వాళ్లకు అంతుపట్టదని, అధ్యాయాలన్నిటికీ శుద్ధప్రతి రాసిపెట్టేది పక్కనే ఉన్న మిషన్ బడి టీచరమ్మ. ముత్యాల వంటి అక్షరాలు. ప్రతి సాయంత్రం బడి వరండాలో ఆమె అడిగే ప్రశ్న కూడా బీడీ తాత ప్రశ్నే. "ఈ పొద్దు గూడా నిల్లేనా సార్?"

"నిల్లే టీచరమ్మా."

"మీరే గదా రాసేది? ఒక్క చినుకు రాస్తే ఏమైతాది?"

"లేని వాన ఎట్లా రాసేది?"

"మీ కథలో ఆ పిల్ల శానా ఓపిక మీద ఉండాది సార్. ఓపికను గూడా గిన్నె పెట్టి కొలుస్తారా మీరు?" అని నవ్వి, కాగితాలు సర్దుకుంటూ, "నెలాఖరుకు నాకు కడపకు బదిలీ అయింది. పడేదేదో ఆలోపల పడాల" అంది. శుద్ధప్రతికి ఇంకెవరిని చూసుకోవాలా అని ఆలోచిస్తూ గదికి చేరాను.

ఆ మరునాడే జూలై పదిహేడు. మూత తీసి చూద్దును కదా, సీసాలో నీళ్లు! కొలిచాను. పదకొండు మిల్లీమీటర్లు. కాళ్ల కింద నేల పొడిగా ఉంది. దుమ్ములో పిచ్చుకల అడుగులు చెదరకుండా ఉన్నాయి. కానీ నేల రిజిస్టరు కాదు. అంకె వేశాను, సంతకం చేశాను, కర్నూలుకు వర్తమానం పంపాను, మధ్యాహ్నం భోజనం మానేసి ఎనిమిదో అధ్యాయం రాశాను. వాన కురిసింది. గొడుగు విచ్చుకుంది. నాయకుడు నాలుగు వాక్యాలు చెప్పాడు.

మూడు గంటలకు బీడీ తాత పదిమందిని వెంటబెట్టుకుని వచ్చాడు. "యాడ పడింది సారూ వాన? మీ గిన్నెలో ఒక్కటే పడిందా? మా కొంపలు ముంచేటట్టుండావే! పదకొండు పడిందని పైకి రాస్తే కరువు లిస్టులో నుంచి మమ్మల్ని పీకేస్తారప్పా!" అన్నాడు. అప్పుడు మొదటిసారి కొలగాజును ఎండకు ఎత్తి పట్టుకుని చూశాను. అడుగున తెల్లటి పొడి పేరుకుని ఉంది. సుద్దపొడి. బడిలో నల్లబల్ల కింద, సుద్దముక్కల పక్కన, ఒక గాజు గ్లాసు ఉండేది. మా ఆవరణ కంచె మోకాలెత్తు.

సాయంత్రం నాలుగు నలభైకి బడి వరండాలో నిలబడి, "వర్షమాపకంలో నీళ్లు మీరు పోసినారా?" అన్నాను.

"పోసినా సార్."

ఎందుకు పోసిందని అడగాలన్నది నాకు తట్టలేదు. "ఎంత?" అన్నాను.

"ఒక గ్లాసు."

"నిండుగానా, వెలితిగానా?"

"అంతేనా సార్, మీరడిగేది?"

"అంతే. రాసి ఇస్తే ఫైలులో ఉంచుతా."

నా కలమే తీసుకుని, అదే ముత్యాల దస్తూరితో, "ఒక గ్లాసు, నిండుగా" అని రాసి సంతకం చేసింది. నేను సంచిలో నుంచి ఎనిమిదో అధ్యాయం తీసి, వాన అబద్ధం గనుక ఈ అధ్యాయం చెల్లదని ఆమెకు వివరించాను. "చింపేముందు ఒక్కసారి చదవండి సార్. ఆయప్ప ఏం చెప్పినాడో వింటా" అంది. చెల్లని దాన్ని చదవడం దేనికని నాలుగు ముక్కలుగా చింపి జేబులో వేసుకున్నాను. (చెత్త ఆమె వరండాలో వేయడం మర్యాద కాదని!) మరునాడు రిజిస్టరులో పదకొండును ఎర్ర సిరాతో కొట్టివేసి, పైన నిల్ అని రాసి, కర్నూలుకు సవరణ పంపాను. రైతుల పేర్లు కరువు లిస్టులో నిలిచాయి. బీడీ తాత వచ్చి, "నిఖార్సైన మనిషివప్పా" అని భుజం తట్టాడు. ఆ యోగ్యతాపత్రం ఒక్కటే నాకు మిగిలింది. సీరియల్ ఆగిపోయింది. టీచరమ్మ నెలాఖరున పొద్దుటి బస్సుకు కడప వెళ్లిపోయింది. ఆగస్టు తొమ్మిదిన నిజంగానే వాన పడింది, ఆరు మిల్లీమీటర్లు. అప్పటికి నాయకుడికి పత్రిక లేదు, నాకు వినేవాళ్లు లేరు.

ఇప్పుడు కర్నూలులో ఉంటున్నాను. నన్ను ప్రేమ నవలా రచయిత అంటారు. వాన అధ్యాయం రాయవలసిన రోజున ముందుగా బల్ల మీద గాజు గ్లాసు నిండా నీళ్లు పెట్టుకుంటాను. అవి తాగను. ఎంతసేపటికీ కలం కదలకపోతే గ్లాసు వైపు చూసి, చించిన ఆ నాలుగు వాక్యాలను పైకే అప్పజెప్పుకుంటాను. ఒక్క అక్షరం మరచిపోలేదు. ఏ నవలలోనూ వాటిని వాడనూ లేదు. "మీ నవలల్లో వాన ఎంత సహజంగా కురుస్తుంది సార్!" అని పాఠకులు రాస్తే, ఇరవై నాలుగేళ్ల ఆ గుమాస్తా గుర్తొచ్చి నవ్వుకుంటాను. కొలత తెలిసినవాడికి సహజత్వమెంత పని! ఆలూరు తర్వాత రాసినవి ముప్పై ఒక్క నవలలు. నవలకు ఒక వాన, వానకు పదకొండు మిల్లీమీటర్లు. మొత్తం మూడు వందల నలభై ఒకటి. జూలై పదిహేడున ఆలూరులో కురిసింది, నిల్.