మస్తాన్ వెతికిన అర్ధరూపాయి

2020 సెప్టెంబరులో నన్ను దుబాయ్‌లోని నైఫ్ శాఖకు ఆపరేషన్స్ ఆఫీసరుగా బదిలీ చేశారు. బ్యాంకు పేరు చెప్పను. ఇక్కడ రాయబోయే తప్పు బ్యాంకుది కాదు, నాది. పదవీ విరమణకు అప్పటికి పది నెలలుంది. శాఖలో మేనేజరు తర్వాతి హోదా నాదే. ఖజానాకు ఉన్న రెండు తాళాల్లో ఒకటి నా దగ్గరుండేది. పై ఆఫీసు నుంచి వచ్చే ప్రశ్నలకు సంజాయిషీ రాయడమూ నా పనే.

నైఫ్ అంటే చిన్న కొట్ల పేట. కిరాణా వాళ్లు, లాండ్రీ వాళ్లు దిర్హాం నాణేలు తెచ్చి జమ చేసేవారు, చిల్లర కావలసిన వాళ్లు పట్టుకుపోయేవారు. యాభై నాణేలను కాగితంలో బిగించి చుడితే దాన్ని రోల్ అంటాం. యంత్రం కట్టే రోల్స్‌లో పరాయి నాణెం ఉండదు, యంత్రమే బయటికి తోసేస్తుంది. కొట్లవాళ్లు చేత్తో చుట్టి తెచ్చేవాటిని మాత్రం మొత్తంగా తూచి తీసుకునేవాళ్లం. వేడుకంతా వాటిలోనే ఉంది. 1960ల దాకా ఈ తీరంలో మన రూపాయే చెల్లేది. ఇంగ్లీషు రాజు బొమ్మున్న పాత వెండి అర్ధరూపాయి, ఇప్పటి దిర్హాం, రెండూ వెడల్పులో దాదాపు ఒకటే. బరువులో తేడా అర గ్రాము అటూ ఇటూ. రోల్‌లో ఒక్కటి దూరితే తక్కెడ పసిగట్టలేదు. నా సర్వీసు మొత్తంలో అలాంటివి నాలుగు పట్టాను. ప్రతిసారీ మేనేజరు ఎదుట నా దిర్హాం పెట్టి, రిజిస్టరులో రాసి తీసుకున్నాను. ఈ విద్య గురించి నాకు కొంచెం గర్వం ఉండేదని ఒప్పుకోవాలి.

అక్టోబరులో ఒక గురువారం మస్తాన్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. నెల్లూరు వాడు, ముప్పై దాటినవాడు, పక్క వీధి లాండ్రీలో ఇస్త్రీ పని. జీతం మా శాఖలోని ఖాతాలోనే పడేది. నా పేరు పలక చూసి తెలుగువాణ్ని అని గుర్తుపట్టి, వెండి అర్ధరూపాయి ఎప్పుడైనా బ్యాంకుకు వస్తుందా అని అడిగాడు. ఎందుకని అడిగితే కథంతా చెప్పాడు.

వాళ్ల ముస్లిం కుటుంబాల్లో ఎవరైనా దూరప్రయాణం కడితే కుడి జబ్బకు గుడ్డలో నాణెం చుట్టి కడతారు. దాన్ని ఇమామ్ జామిన్ అంటారు. క్షేమంగా చేరాక దానం చేయాలి. మస్తాన్ ఇంట్లో దానికి వాడేది తాతగారి వెండి అర్ధరూపాయి. ఇంట్లో ఎవరు ఎక్కడికి వెళ్లినా అదే కట్టేవారు. చేరినవాడు అంత విలువ పేదలకిచ్చి నాణేన్ని ఇంటికి పంపాలి. ఏడాది కిందట తనను పెంచిన అక్క ఖైరున్ దాన్ని కట్టి పంపింది. ఈ మెలిక తెలియని మస్తాన్, విమానం దిగిన మర్నాడే నాణేన్నే తీసుకెళ్లి మసీదు దానం పెట్టెలో వేసేశాడు.

"అక్క తిట్టలేదు సార్. ఇంటి నాణెం ఇంటికి రావాల గదరా అనింది, అంతే. అదే గుచ్చుకుంటా ఉండాది. దిర్హాం అనుకోని ఎవురో ఒకరు బ్యాంకులో ఏసుంటారు. యాడికి పోతాది, ఈ ఊర్లోనే తిరగతా ఉంటాది. రాజు మెడ కాడ మా తాత గీసిన గీత ఉండాది, చూస్తే పట్టేస్తా" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, ముచ్చటా వేసింది. నా విద్య అంతా చెప్పేశాను. గురువారం నీ ఖాతాలోంచి ఐదొందలు తీసి పది రోల్స్ పట్టుకెళ్లు, చేత్తో చుట్టినవే అడుగు. శుక్రవారం సెలవు కదా, విప్పి చూసుకో. నల్లబడినదాన్ని రాతి మీద వేస్తే వెండి మోగే తీరే వేరు. చూసినవాటిని మాత్రం ఇక్కడ జమ చేయకు, వచ్చే వారం అవే మళ్లీ నీ చేతికి వస్తాయి. మన వేరే శాఖలో నాణేల యంత్రం ఉంది, అక్కడ వెయ్యి. ఒకచోట తీయి, ఇంకోచోట వెయ్యి. నాణేలు వెతికేవాళ్లందరి మొదటి సూత్రం ఇదే.

ఆరు నెలలు తు.చ. తప్పకుండా పాటించాడు. గురువారం వచ్చి రోల్స్ తీసుకుంటూ, "ఖలాస్ సార్, ఈసారి దొరక్కపోతే మీ చేతనే దిర్హాం ఒకటి జబ్బకు కట్టించుకోని ఊరికి పోతా" అని నవ్వేవాడు.

2021 ఏప్రిల్‌లో కంప్లయన్స్ విభాగం నుంచి ఒక ప్రశ్నపత్రం వచ్చింది. లావాదేవీల మీద నిఘా ఉంచే విభాగం అది. ఒక ఇస్త్రీ పనివాడు వారం వారం ఒకే మొత్తాన్ని ఒక శాఖలో నాణేలుగా తీసి, రెండ్రోజుల్లో మరో శాఖలో వేస్తున్నాడు. మొత్తం చిన్నదే, కానీ నిఘా కంప్యూటరుకు కావలసింది క్రమం, అది దొరికింది. పత్రంలో ముఖ్యమైన గడులు రెండు. ఈ లావాదేవీలకు కారణం శాఖకు తెలుసా? శాఖ సిబ్బందిలో ఎవరైనా ఈ విషయంలో ఖాతాదారుడికి సలహా ఇచ్చారా?

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నాకు. రెండు శాఖల సలహా నాదే. రాస్తే విచారణ నా మీదికి మళ్లుతుంది. సర్వీసు ముగిశాక వచ్చే మొత్తం ఆగుతుందేమో, ముప్పై ఏళ్ల పేరు పోతుందేమో అనిపించింది. ఈ పాటి ఖాతాను ఎవరు పట్టించుకుంటారులే అని కూడా అనుకున్నాను. మొదటి గడిలో "తెలియదు" అని రాశాను. రెండో గడిలో "లేదు" అని రాసి సంతకం పెట్టాను.

వారానికి అతని ఖాతా నిలిపేశారు. ఏడాదిన్నర కూడబెట్టు, ఆ నెల జీతం, అన్నీ అందులోనే ఉన్నాయి.

నాలుగో రోజు పొద్దున మస్తాన్ పరుగున వచ్చాడు. ఖైరున్‌కు కరోనా. నెల్లూరు సర్కారు ఆసుపత్రిలో వరండాలో పడుకోబెట్టారు. ప్రైవేటులో ఆక్సిజన్ మంచం ఒకటి దొరికింది గానీ ముందు డబ్బు కట్టాలి. వెళదామంటే తిరిగి రావడానికి విమానాలు లేవు, ఉద్యోగం పోతుంది.

"కార్డు పడతా లేదు సార్. నా డబ్బులే గదా. ఏందిసార్ నేను చేసిన తప్పు? మీరు ఒక మాట చెప్తే అయిపోతాది" అన్నాడు.

నిలిపిన కారణం ఖాతాదారుడికి చెప్పకూడదన్నది నియమం. సిస్టమ్‌లో పరిశీలన జరుగుతోంది, ఆగాలి అన్నాను. ఆ నియమాన్ని ఆ రోజు నేను పాటించానని చెప్పను, దాని చాటున నిలబడ్డాను. అతను వెళ్లాక అనుబంధ సంజాయిషీ రాశాను. ముందు రాసింది తప్పు, కారణం నాకు తెలుసు, సలహా నాదే అని. అది పంపితే ఖాతా ఒకటి రెండు రోజుల్లో తెరుచుకునేది. పంపలేదు. సాయంత్రం పంపుదామనుకున్నాను, తర్వాత రేపనుకున్నాను. నాలుగు రోజులు సొరుగులోనే ఉంది. అతని గదివాళ్లు తలా కొంత వేసి పంపేలోపు ఆ మంచం వేరేవాళ్లకు పోయింది. ఐదో రోజు లాండ్రీ యజమాని ఫోన్ చేసి, మస్తాన్ అక్క చనిపోయింది, ఖాతా సంగతి ఇప్పటికైనా చూడండి అన్నాడు. నేను కాగితం తీసి చించేశాను. ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేనిది చించిన ఆ క్షణానికే.

డబ్బు అందితే ఆమె బతికేదా అన్నది ఎవరూ చెప్పలేరు. ఆ మాట వెనక చాలాకాలం దాక్కున్నాను.

పంతొమ్మిదో రోజున ఖాతా తెరిచారు. అనుమానించదగింది ఏమీ లేదని ఒక్క వాక్యం వచ్చింది. నన్నెవరూ ఏమీ అడగలేదు.

జూన్‌లో మస్తాన్ వచ్చాడు. రోల్స్ కోసం కాదు. జేబులోంచి నల్లబడిన నాణెం ఒకటి తీసి నా బల్ల మీద పెట్టాడు. వెండి అర్ధరూపాయే. మెడ దగ్గర గీత లేదు.

"ఏప్రిల్‌లోనే దొరికింది సార్. మాది కాదు. అయినా అక్కకి పంపి, ఇదే ఇంటి నాణెం అనుకోమందామని పెట్టుకున్నా. ఇంక నాకెందుకు? మీరు చెప్పబట్టే దొరికింది. ఉంచుకోండి" అన్నాడు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ ఎలుకే వచ్చి పిల్లికి కృతజ్ఞత చెబుతోంది. ఖాతాదారుల నుంచి కానుకలు తీసుకోకూడదు మస్తాన్ అన్నాను. నిజంగా అంతే అన్నాను. అతను నాణేన్ని అక్కడే వదిలి, సలాం చెప్పి వెళ్లిపోయాడు.

కౌంటరు దగ్గర వదిలేసిన వస్తువులకు వేరే రిజిస్టరు ఉంటుంది. అందులో "పరదేశపు నాణెం, ఒకటి" అని రాశాను. ఎవరు వదిలారో తెలుసా అన్న గడి దానికీ ఉంది. ఈసారి "తెలుసు" అని రాసి, మస్తాన్ పేరు, ఖాతా నంబరు వేశాను. జూలైలో నాకు రావలసిన మొత్తం పూర్తిగా అందింది.

కొత్తగా బ్యాంకులో చేరినవాళ్లు సలహా అడిగితే ఒకటే చెబుతాను. సంజాయిషీ పత్రం ఖాతాదారుడి గురించి అడుగుతున్నట్టు కనిపిస్తుంది గానీ, అందులో ఒక గడి ఎప్పుడూ మన గురించే ఉంటుంది. ముందు దాన్ని నింపాలి. దాన్ని తప్పుగా నింపితే, మిగతావి ఎంత శుభ్రంగా రాసినా, ఖర్చు మాత్రం కౌంటరుకు అవతల నిలబడ్డవాడి మీద పడుతుంది.