ముందింట్లో ప్రింటరు, వెనకింట్లో నేను

పోయిన ఆదివారం పొదిలిలో మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. తను బడిలో పంతులమ్మ. ప్రశ్నపత్రాలు ఇంట్లోనే తీసుకోవచ్చని కొత్తగా ఒక ప్రింటరు కొని హాల్లో బల్ల మీద పెట్టింది. వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడే ఫోనులో ఏదో నొక్కింది, హాల్లో ఆ యంత్రం చిన్నగా మూలిగి ఒక కాగితాన్ని బయటికి తోసింది. అల్లుడు దాన్ని తీసి చూసి పక్కన పెట్టేశాడు. ఎవరికీ అందులో వింత ఏమీ కనబడలేదు. నేను మాత్రం చేతిలోని కాఫీ మరిచిపోయి ఆ కాగితం వైపే చూస్తూ ఉండిపోతే, ఒంట్లో బాగాలేదేమోనని అమ్మాయి వచ్చి నుదురు తాకి చూసింది. ఏమీ లేదన్నాను. నా వయసువాళ్లకు, టైపు మిషను మీద వేళ్లు అరగదీసుకుని నడివయసులో కంప్యూటరు ముందుకు మారినవాళ్లకు, ఆ క్షణంలో నాకు ఏం గుర్తుకొచ్చిందో చెబితే అర్థమవుతుందనే ఆశతో ఇది రాస్తున్నాను.

మాది వెలిగండ్ల దగ్గర పల్లె. అమ్మా నాయనా కూలిపనికి పోయి నన్ను చదివించారు. టైపు పరీక్ష ప్యాసయ్యాక మార్కాపురంలో ఒక వీధి ఇంటిని అద్దెకు తీసుకుని, ముందుగదిలో టైపు దుకాణం పెట్టాను. రైలు పెట్టెల్లాగా ఒకదాని వెనక ఒకటిగా మూడు గదులు, కింద నల్ల బండలు, రాతి గోడలు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఆ బండల మీద నీళ్లు చల్లుకుని, పనిలేని వేళ అక్కడే పడుకునేవాణ్ణి. పని లేని వేళలు తక్కువే. అర్జీలు, ఆస్తి భాగపరిష్కారాల చిత్తుప్రతులు, పెళ్లి పత్రికల మాటలు, బళ్ల ప్రశ్నపత్రాలు, చర్చి కూటాల కరపత్రాలు, అన్నీ వచ్చేవి. వచ్చినవాళ్లు నా పక్కనే బల్ల మీద కూర్చుని, భుజం మీదుగా తొంగిచూస్తూ, తమ కష్టం మొత్తం మొదటినుంచీ చెప్పేవాళ్లు. అర్జీకి అందులో రెండు ముక్కలు చాలు, అయినా నేను ఎవరినీ ఆపలేదు. చెప్పుకోవడానికి కూడా వస్తున్నారని నాకు త్వరగానే తెలిసింది.

అట్లా కొన్నేళ్లు బాగానే గడిచాయి. పెళ్లయింది, కూతురు పుట్టింది, టైపు మిషను పోయి కంప్యూటరు వచ్చింది. అంతలో నాకు దగ్గు పట్టుకుంది. దుమ్ముకేలే అనుకున్నాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, చొక్కాలు వదులయ్యాయి. మా ఆవిడ పోరు పెడితే ఆసుపత్రికి వెళ్లాను. టీబీ అన్నారు. భయపడాల్సింది లేదు, మందులు మానకుండా మింగితే పూర్తిగా తగ్గిపోతుంది, కొంతకాలం మాత్రం ఇంట్లోవాళ్లకు కాస్త ఎడంగా ఉండమని డాక్టరు నిదానంగానే చెప్పాడు. పాపను వెంటనే వాళ్ల అమ్మమ్మ దగ్గరికి పంపేశాము.

రోగం సంగతి డాక్టరు చెప్పినట్టే జరిగింది. ఊరి సంగతి ఆయన చెప్పలేదు. ఆసుపత్రిలో టీబీ మాత్రలిచ్చే కిటికీ దగ్గర నేను నిలబడి ఉండగా ఎవరో చూశారు. ఆ తర్వాత నా పక్కన బల్ల మీద కూర్చునేవాళ్లు లేరు. ముందు గడప అవతల నిలబడి చెప్పారు, తర్వాత రావడమే తగ్గించారు. మా చర్చిలోనే పాటలు పాడే ఒకామె, నేను ఇచ్చిన కాగితాన్ని కొంగుతో పట్టుకుని తీసుకుంది. మా ఆవిడ అది చూసింది. ఆ పాటలామె వెళ్లిపోగానే కంప్యూటరు తీగలన్నీ ఊడబీకడం మొదలుపెట్టింది.

"నువ్వు వెనకింట్లో కూర్చొని కొట్టు. ముందర నేను కూర్చుంటా" అంది. "నువ్వు యాడున్నావని అడిగితే, గిద్దలూరులో మీ అక్క కాడికి పోయినావని చెప్తా. మందులు అయిపోయేదాకా ఇట్లనే."

నేను ఒప్పుకున్నాను. ఆ దుకాణం తప్ప మాకు వేరే ఆధారం లేదు. దగ్గు వచ్చినప్పుడల్లా నోటికి తువాలు అడ్డం పెట్టుకోవడం అప్పటికే అలవాటైపోయింది, ఇప్పుడు చప్పుడు వినబడకుండా దాన్ని గట్టిగా అదుముకోవడం కూడా నేర్చుకున్నాను. మొదట ప్రింటరు కూడా నా దగ్గర వెనకగదిలోనే ఉండేది. మా ఆవిడ చిత్తుకాగితం లోపలికి తెచ్చి, కొట్టిన కాగితం బయటికి పట్టుకెళ్లేది. లోపల ఎవరున్నారమ్మా అని జనం మెడలు సాచి చూడసాగారు. ప్రింటరు ముందుగదిలోనే ఉండాలి, కంప్యూటరు నా దగ్గర ఉండాలి. అంత దూరం తీగ లాగితే ప్రింటరు పనిచేయదని, ఒంగోలులో కంప్యూటర్ల దుకాణంలో పనిచేసే మా బావమరిది ఫోనులో చెప్పాడు. గోడలకు బెజ్జం వేస్తానంటే ఇల్లు అద్దెకిచ్చినామె ఎటూ ఒప్పుకోదు.

చివరికి బావమరిదే ఒక చిన్న పెట్టెను బస్సులో వేసి పంపాడు. దోసిట్లో పట్టేంత పెట్టె, దానికొక కొమ్ములాంటి యాంటెనా, ముందువైపు చిన్న చిన్న దీపాలు. ప్రింట్ సర్వర్ అంటారట. ప్రింటరు తీగను దానికి తగిలిస్తే, ఇంట్లోని వైఫై మీదుగా కంప్యూటరు పంపిన కాగితాన్ని అది గాలిలోంచి అందుకుని ప్రింటరుకు ఇస్తుంది. ఇంటర్నెట్టు కోసం వెనకగదిలో టెలిఫోను పక్కన రూటరు ఎటూ ఉంది. చెప్పినంత తేలికగా పని జరగలేదు. ముందుగా ఆ పెట్టెను తీగతో రూటరుకు కలిపి, మా నెట్‌వర్కు పేరూ పాస్‌వర్డూ దానికి నేర్పాలి. ఆ తర్వాత తీగ పీకేస్తే తనంతట తానే పనిచేయాలి. తీగ ఉన్నంతసేపూ బుద్ధిగా ఉండేది, పీకి ముందుగదిలో ప్రింటరు పక్కన పెట్టగానే నా కంప్యూటరుకు కనబడకుండా పోయేది.

దుకాణం తలుపులు మూసి ఆ రోజంతా దాంతోనే గడిపాము. ఆమె ముందుగదిలో పెట్టె ముందు గొంతుక్కూర్చుంది, నేను వెనకగదిలో కంప్యూటరు ముందు.

"పచ్చ దీపం వెలిగిందా?"

"వెలిగి ఆరిపోయింది. మళ్లీ వెలగలా."

ఇదే మాట ఎన్నిసార్లు అనుకున్నామో. ఒకసారి ఆమె దగ్గర్నుంచి జవాబు రాకపోతే, మధ్యగది దాకా వెళ్లి చూశాను. మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడుస్తోంది. దగ్గరికి వెళ్లబోయి ఆగాను. మా ఇద్దరి మధ్య అప్పుడు ఎప్పుడూ ఒక గది దూరం ఉండేది. ఆమె కళ్లు తుడుచుకుని, "గోడలు రాతివి గదా, ఆ గాలి ఈ గోడలు దాటడంల్యా ఏమో" అంది. అదే నిజమైంది. టెలిఫోను తీగను పొడిగించి, తలుపు వారగా లాగి, రూటరును మధ్యగదిలో బియ్యం డబ్బా మీదికి మార్చాము. పచ్చ దీపం ఆరకుండా నిలిచింది. నేను పంపిన మొదటి కాగితం ముందుగదిలో వస్తున్న చప్పుడు వెనకగదిలోకి వినబడింది. ఆమె దాన్ని పట్టుకుని నా గడప దాకా వచ్చి, నాకు చూపించి, అక్కడే కాసేపు నిలబడింది. చాలా రోజుల తర్వాత అంత దగ్గరగా వచ్చింది.

కరెంటు కోతల కాలం అది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రూటరు ఆ పెట్టెకు చిరునామా లాంటి కొత్త నంబరు ఇచ్చేది. నా కంప్యూటరేమో పాత నంబరుకే కాగితాలు పంపుతూ ఉండేది. ముందుగదిలో జనం ఎదురుచూస్తూ ఉంటే, పంపింది ఎటు పోయిందో తెలియక నేను లోపల చెమటలు కక్కేవాణ్ణి. మారని నంబరు ఒకటి దానికి కట్టిపెట్టాలని బావమరిది చెప్పాక ఆ తిప్పలు తీరాయి.

జనం మెల్లగా తిరిగి వచ్చారు. కొత్త మనిషిని పెట్టుకున్నామని, అతను తన ఇంటినుంచే కొట్టి పంపిస్తాడని మా ఆవిడ చెప్పేది. సెల్‌ఫోను చెవికి ఆనించుకుని, వాళ్లు చెప్పిన మాటను ఒక్కొక్కటిగా గట్టిగా తిరిగి చెప్పేది. ఆ ఫోనులో అవతల ఎవరూ ఉండేవాళ్లు కాదు. నేను వెనకగదిలో, తలుపు తెర వైపు చెవిపెట్టి వింటూ కొట్టేవాణ్ణి. కాసేపటికి ప్రింటరు మోగేది, వచ్చినవాళ్లు ముచ్చటపడేవాళ్లు. ఈ కొత్తాయన తప్పుల్లేకుండా కొడతాడని నన్నే నా ఇంట్లో మెచ్చుకుంటుంటే, వినడం సంతోషంగా ఏమీ ఉండేది కాదు. ఆదివారం చర్చిలో నా కోసం అందరూ ప్రార్థన చేశారని ఒకరోజు ఆమె వచ్చి చెప్పింది. గిద్దలూరులో ఉన్న సహోదరుణ్ణి క్షేమంగా తీసుకురమ్మని అడిగారట. ఆ వేళప్పుడు నేను వెనకగదిలో చద్దన్నం తింటూ ఉండి ఉంటాను. చెప్పి ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు.

నెలలు గడిచాయి. ఒక రాత్రి చాటుగా వెళ్లి చూపించుకుంటే, ఇక నా వల్ల ఎవరికీ అంటదని డాక్టరు చెప్పాడు. అయినా నేను బయటికి రాలేదు. ఊరు నమ్మదని ఆమె అనేది. నాకూ ఆ గదిలోనే నిశ్చింతగా అనిపించసాగింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయం వేస్తుంది.

అట్లా ఉండగా ఒక ఉదయం, చంద్రశేఖరపురం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఉన్న కొద్దిపాటి మెట్టను తానే దున్నుకునే రైతు, దుకాణం పెట్టిన కొత్తలనుంచీ ఏ కాగితమైనా నా దగ్గరే రాయించుకునేవాడు. గొంతు వినగానే గుర్తుపట్టాను. కోడలికి పింఛను కోసం అర్జీ పెట్టాలట. మీ ఆయన ఉంటే బాగుండేది, సగం చెప్తే మిగతా సగం ఆయనే రాసేవాడని అన్నాడు. ముందుగదిలో అప్పటికే ప్రశ్నపత్రాల కోసం వచ్చిన బడి మాస్టరు ఒకాయన కూడా కూర్చుని ఉన్నాడు. మా ఆవిడ ఫోను చెవికి పెట్టుకుంది.

"నా కొడుకు పోయినాడని రాయమను తల్లీ."

"ఏం జబ్బు మామా?"

"టీబీ" అన్నాడు. ఆపకుండా చెప్పుకుపోయాడు. "ఆసుపత్రిలో మందులు ఇస్తానే ఉన్నారంట. నలుగురు చూస్తారని పోలా. మాకు గూడ చెప్పలా. దగ్గొస్తే దొడ్లోకి పోయి దగ్గేవాడు. ఏందో పని మీద పోతున్నాడులే అనుకున్నాం మేము."

ఆమె ఫోనులోకి అలవాటుగా, "దగ్గొస్తే దొడ్లోకి పోయి..." అని మొదలుపెట్టింది.

"అది రాయొద్దులే అమ్మా. నీకు చెప్తున్నా" అన్నాడు పెద్దాయన.

నా వేళ్లు అప్పటికే ఆ మాట కొట్టేశాయి. కంప్యూటరు తెర మీద దాన్ని చూస్తూ కూర్చోలేకపోయాను. లేచి, మధ్యగది దాటి, తలుపు తెర తొలగించి ముందుగదిలోకి వచ్చి నిలబడ్డాను. మా ఆవిడ ఫోను ఇంకా చెవికే ఉంది. మాస్టరు నన్ను చూసి ఒక్క ఉదుటున లేచి, చెప్పులు వేసుకుని, ప్రశ్నపత్రాలు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. పెద్దాయన మాత్రం నన్ను ఎగాదిగా చూశాడు.

"గిద్దలూరు నుంచి ఎప్పుడొచ్చినావు?"

"నేను యాడికీ పోలా పెదనాయనా. ఈడనే ఉన్నా."

"మందులు మింగుతున్నావా?"

"మింగుతున్నా. ఒక్కనాడు గూడ మానలా."

ఆయన బల్ల మీద పక్కకు జరిగి, కూర్చోమని చేత్తో చూపించాడు. కంప్యూటరు లోపలే ఉండిపోయింది కాబట్టి కాగితమూ పెన్నూ తీసుకుని కూర్చున్నాను. నా ఎడమ చేతి మణికట్టు పట్టుకుని, కొడుకు సంగతి మొదటినుంచీ చెప్పాడు. రాయడం పూర్తయ్యేదాకా చెయ్యి వదల్లేదు.

ఆయన వెళ్లాక మా ఆవిడ, బయటికి వచ్చేముందు నన్నొక మాట అడగాల్సింది అంది. ఆమె కోపంలో న్యాయం ఉంది. చర్చిలో, వీధిలో, ఆ అబద్ధాన్ని మోసింది ఆమె. నేను కాదు. వచ్చిన ఆదివారం ఒంటరిగానే చర్చికి వెళ్లి వచ్చింది. అక్కడ ఎవరు ఏమన్నారో, ఎవరు పక్కకు జరిగారో ఇప్పటిదాకా నాకు చెప్పలేదు. ఆ బడి పని మళ్లీ మాకు రాలేదు, ఇంకా కొందరు రాలేదు. పెద్దాయన మాత్రం తన ఊరివాళ్లను వెంటబెట్టుకుని వచ్చేవాడు. ఆ కాస్త పనితోనే దుకాణం ఈదుకొచ్చింది. పూర్తిగా నయమైందని డాక్టరు చెప్పిన వారం పాపను తీసుకొచ్చారు. అది వాళ్ల అమ్మమ్మ చీర కుచ్చిళ్లు వదలకుండా నన్ను చాలాసేపు చూసి, "గిద్దలూరు నుంచి నాకేం తెచ్చినావు నాయనా?" అని అడిగింది. దానికి కూడా అదే చెప్పి ఉంచారు. నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. నా ఒడిలోకి రావడానికి దానికి చాలా రోజులు పట్టింది.

తర్వాత వీధి వీధికీ ఆన్‌లైన్ కేంద్రాలు వచ్చాయి, దుకాణం మూసేశాను. ఇప్పుడు అర్జీలన్నీ ఫోనులోనే పెడుతున్నారు. ఎక్కడో కొట్టింది ఎక్కడో అచ్చవుతోంది. ఎవరు కొట్టారని అడిగేవాళ్లు లేరు, కొట్టినవాడికి ఒంట్లో ఎట్లా ఉందోనన్న అనుమానమూ ఎవరికీ లేదు. ఆ వెనకగదిలో కూర్చుని, నేనెవరో ఎవరికీ తెలియకపోతే చాలునని రోజూ కోరుకునేవాణ్ణి. ఆ రోజులు ఇప్పుడు అందరికీ వచ్చేశాయి. మొన్న మార్కాపురంలో మా పాత వీధిమీదుగా నడుస్తూ, అర్జీ పెట్టుకోవడానికి వచ్చిన ఒక ముసలామె కేంద్రం అద్దం ముందు నిలబడి, లోపల కంప్యూటరు చూస్తున్న మనిషికి ఇంట్లోవాళ్ల సంగతులన్నీ చెప్పబోవడం చూశాను. ఆ మనిషి తల ఎత్తకుండా ఆధార్ నంబరు మాత్రం అడిగాడు. ఆమె నంబరు చెప్పి, మిగతాదంతా మింగేసి, కాగితం కోసం నిలబడింది.