మొదటి బెంచీ లెక్క

వారాసిగూడలో సిటీ బస్సెక్కిన తల్లీకూతుళ్లు నా పక్కన సర్దుకుని కూర్చున్నారు. పాపకు పదేళ్లుంటాయి. ఒంటిమీద తార్నాకలోని ఒక ప్రైవేటు స్కూలు యూనిఫాం.

"స్కూలు బస్సు రాదా అమ్మా?" అన్నాను.

"అపార్ట్‌మెంట్ల దాకా వస్తది సారూ. మా బస్తీ దిక్కు తిరగదు. తిరిగినా నేనెక్కియ్య. ఆ బస్సు కంటె ముందుగాల్నే మా బిడ్డ క్లాసుల ఉండాలె."

ఎస్సీ కోటాలో చేరిన పిల్లలను ఆ స్కూల్లో చివరి బెంచీకి తోస్తారట. అందుకే ఈమె రోజూ గేటు తీయగానే కూతుర్ని లోపలికి పంపుతుంది. పాప నేరుగా వెళ్లి మొదటి బెంచీలో కూర్చుంటుంది.

తల్లి చెప్పిన వేళలను బట్టి మనసులో లెక్క కట్టాను. స్కూలు బస్సు కంటే అరగంట ముందే చేరతారు.

"మరి టీచరు వచ్చి లేపదా?"

"లేపకుంటదా?" తల్లి నవ్వింది. "చెప్పు బిడ్డా, ఎన్నిసార్లు లేపింది?"

"నలభై మూడు," అంది పాప, కిటికీలోంచి యూనివర్సిటీ క్యాంపస్ చెట్లను చూస్తూనే. "నేను గూడ నలభై మూడుసార్లు కూసున్న."

నేను బడికి వెళ్లకుండా లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. అంకెలు వినబడితే కూడికో తీసివేతో చేయకుండా ఉండలేను. "అంటే సమానం. మిగిలింది సున్నా గదా తల్లీ!" అనేశాను.

తార్నాక వచ్చింది. పాప బ్యాగు భుజానికెత్తుకుని, మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగింది.

"సున్నా ఎట్లయితది సారూ? ఆమె లేపాలంటె ముందుగాల నేను కూసోవాలె. ఇప్పుడు పోయి కూసుంటె నాది నలభై నాలుగు."

ఇద్దరూ దిగి గబగబా నడిచారు. ఆ లెక్కలో తప్పు నాకు ఇప్పటికీ దొరకలేదు.