రెండు వేళ్ళ గుడ్డ

పోయిన బుధవారం పొద్దున మా పెద్దమ్మ సంగారెడ్డి దవాఖానలో కన్నుమూసింది. నారాయణఖేడ్‌లో ఆమె కుట్టిన జాకెట్టు లేని ఇల్లు తక్కువ. కబురు విని వచ్చిన ఆడవాళ్ళలో సగం మంది ఆమె కుట్టినవే తొడుక్కుని వచ్చారు. కావాలని కాదు, వాళ్ళ బీరువాల్లో ఉన్నవే అవి. కానీ నేను చెప్పదలచుకున్నది జాకెట్ల సంగతి కాదు. మా పెద్దమ్మ విమానానికి బట్ట కుట్టింది. నవ్వకండి, యుద్ధ విమానానికే.

కాలేజీ మైదానంలో నిలబెట్టిన పాత బాంబర్‌ను మీలో కొందరు చూసే ఉంటారు. అది మూడు లారీల మీద ముక్కలుగా వచ్చింది. పాత ఇనుము కొట్టుకు పోవలసిన దాన్ని తిరిగి తిరిగి అడిగి తెచ్చింది మిలట్రీ కాక. వాయుసేనలో విమానాలు బాగుచేసి, రిటైరై ఊరు చేరిన మనిషి. ఆయన వెంట వెల్డింగ్ షాపాయన, ఇద్దరు వడ్రంగులు, ఆటోలు నడిపేవాళ్ళు, కాలేజీలో ఫిజిక్స్ చెప్పే నేను, మొత్తం పదిమందిమి పోగయ్యాం. జీతం లేదు, భత్యం లేదు. సెలవు దొరికిందంటే చాలు, మైదానంలో ఉండేవాళ్ళం. రెండేళ్ళు పట్టింది.

విమానం ఒళ్ళంతా రేకే. తోక మీద నిలువుగా ఉండి అటూ ఇటూ తిరిగే చుక్కానికి మాత్రం గుడ్డ తొడుగు. చట్రం మీద గుడ్డ వేసి కుట్టి, ఒక ఘాటైన మందు పూస్తారు. అది ఆరేకొద్దీ గుడ్డ డప్పులా బిగుస్తుంది. ఎందుకొచ్చిన బాధ, రేకు కొట్టేద్దాం అన్నారు కొందరు. కాక వినలేదు.

"ఉన్నది ఉన్నట్టు చెయ్యాలె. లేకుంటె గది ఉత్త బొమ్మ."

సరైన నారబట్ట ఎక్కడెక్కడో వెతికి తెచ్చాడు. సరిగ్గా రెండు తొడుగులకు సరిపడా ఉంది. ఇక దొరకదన్నాడు.

కుట్టమని పెద్దమ్మను నేనే తీసుకుపోయాను. చర్చి నుంచి నేరుగా వచ్చింది. విమానం చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది బాంబులేసిందా తమ్మీ?" అని కాకను అడిగింది.

"ఏసింది అక్కా."

"ఇగ దీని కడుపుల ఏం లేదు గద?"

"ఏం లేదు, ఖాళీ."

"గట్లైతె కుడ్త."

కందుల సంచులు కుట్టే దబ్బనాన్ని సుత్తితో కొట్టించి వంపు తీయించింది. దారానికి తేనె మైనం రాసింది. కొలతలు గీసింది మాత్రం నేను. నా గీత దాటి ఆమె సుద్దతో ఇంకో గీత గీయబోయింది.

"కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ ఇడుస్త బిడ్డా."

"ఎందుకు పెద్దమ్మా, విమానం లావైతదా? నేను గీసిన కాడికే కొయ్యి."

అందరూ నవ్వారు. పెద్దమ్మ నా మొహంలోకి చూసి, నా గీత మీదే కోసింది.

మందు పూసిన మూడో రోజు కింది అంచు పర్రున చిరిగింది. దారం తెగలేదు, బిగిసేటప్పుడు లోపల పట్టుకోవడానికి గుడ్డ లేక కుట్టు పక్కనే పీలికలైంది. "జాకెట్లు కుట్టుడు వేరు, గిది వేరు" అన్నాడు వెల్డింగ్ షాపాయన, ఆమెకు వినబడేట్టే. నలభై ఏళ్ళలో తన కుట్టుకు మాట పడని మనిషి పెద్దమ్మ. అయినా నా పేరెత్తలేదు. దబ్బనం సంచిలో వేసుకుని ఇంటికి పోయింది. నేనూ నోరు విప్పలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

"విమానం చినిగిందంట గద" అని చర్చిలో కూడా అడిగారట. మిగిలిన గుడ్డను జహీరాబాద్‌లో కారు సీట్లు కుట్టే అతనికి ఇద్దామని కాక అనేసరికి ఇక నావల్ల కాలేదు.

"కాకా, పెద్దమ్మ గుడ్డ ఇడుస్తననే అన్నది. వద్దన్నది నేను. తప్పు నాది."

"గీ ముచ్చట గా దినమే చెప్పొద్దా?" అని కాక గయ్యిమన్నాడు. అప్పటికప్పుడు గుడ్డ స్కూటర్ మీద పెట్టుకుని పెద్దమ్మ ఇంటికి బయలుదేరాడు. వెనకే నేను.

"అక్కా, ఇదే ఆఖరుది. నీ ఇష్టమున్నట్టు కుట్టు."

పెద్దమ్మ చేతులు కడుక్కుని వచ్చి గుడ్డ అందుకుంది. కాక వెళ్ళాక, అసలు మాట ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు పిల్లలకు సదువు చెప్పేదానివి. నీ మాట పోతె ఎట్ల? నాదేముంది, మల్ల కుట్టి సూపిస్త." కత్తెర తీస్తూ ఇంకో మాట అంది. "ఒళ్ళు ఎప్పటికి ఒక్కతీరుగ ఉండదు బిడ్డా. కుట్టేటోళ్ళు రేపటిది గూడ సూడాలె."

రెండోసారి తొలి పూత ఆరుతుండగా కింది అంచు మళ్ళీ గుంజుకుంది. ఇదీ చిరుగుతుందని అందరం చుట్టూ మూగాం. పెద్దమ్మ మాత్రం పరేషాన్ కాలేదు. గుంజుకున్నంత మేర కుట్టు విప్పి, లోపల దాచిన గుడ్డలోంచి అర వేలంత వదిలి, మళ్ళీ కుట్టింది. మిగతా పూతలన్నీ ఆరాక కాక వేలితో కొట్టి చూశాడు. ధన్‌మని మోగింది. "పాస్!" అని అరిచాడు. వెల్డింగ్ షాపాయన తల వంచుకుని దగ్గరికొచ్చి, "తప్పైంది పెద్దమ్మా" అన్నాడు. "గది సరే, నీ అంగీ గుండీ ఊడింది, ఇటియ్యి" అంది ఆమె.

విమానాన్ని అందరికీ చూపించిన రోజు కల్హేర్ నుంచి, నాగల్‌గిద్ద నుంచి ఆటోల్లో జనం దిగారు. అందరూ ముక్కు దగ్గర ఫోటోలు దిగుతుంటే, పెద్దమ్మ తోక కింద నిలబడి వచ్చిన ప్రతి ఆడమనిషికీ చూపించింది. "గా పైనున్నది నాది." ఆ తర్వాత ఎన్ని వానలు పడ్డాయో, ఎన్ని ఎండలు కాచాయో! రంగు రెండుసార్లు మార్చాం. కుట్టు ముట్టుకోవలసిన పని పడలేదు. ఏటా కొత్త పిల్లల్ని అక్కడికే తీసుకుపోయి, నా తప్పుతో సహా ఈ కథంతా చెబుతాను. చెప్పినప్పుడల్లా నాకు గర్వంగానే ఉంటుంది.

బుధవారం మధ్యాహ్నం ఆమెను ఇంటికి తెచ్చాం. చర్చికి కట్టుకునే తెల్లచీర, నీలం జాకెట్టు తీసి పెట్టాం. జబ్బుతో ఒళ్ళు వాచిపోయి జాకెట్టు చేతులు ఎక్కలేదు. "అమ్మకు అమ్మ కుట్టుకున్నదే పట్టకపాయె" అని ఆమె బిడ్డ ఏడ్చింది. నేను బ్లేడు అడిగి తీసుకుని, జాకెట్టు తిరగేసి, చేతుల కుట్లు, పక్క కుట్లు ఒక్కొక్కటే విప్పాను. లోపల రెండు వేళ్ళ గుడ్డ ఉంది. పైన నీలం ఉతికి ఉతికి వెలిసిపోయినా, ఆ రెండు వేళ్ళ మేర కొన్ననాటి నీలమే. ఆ గుడ్డ వదిలి, మళ్ళీ కుట్టి తొడిగాం. సరిగ్గా సరిపోయింది.