బండి పండాలి

గౌరవనీయులైన మేయర్ గారికి, పురపాలక కార్యవర్గ సభ్యులకు,

పేరు: బెరెండ్ మోర్సింక్. వయసు: అరవై ఎనిమిది. వృత్తి: జర్మనీ నుంచి పాత కార్లు తెచ్చి అమ్ముట, మరింత సరిగా చెప్పవలసివస్తే, తెచ్చి అమ్మకుండుట. పరిచయం: ఇరవై తొమ్మిదేళ్లు, కంచెకు కంచె ఆనుకొని. ఈ విన్నపం దిగువన సంతకం చేసిన ఎవర్ట్ స్లోట్‌మన్, ఇకపై ‘సంతకందారు’, అతనికి అతి దగ్గరి పొరుగువాడు. జర్మనీ సరిహద్దును ఆనుకున్న మన ట్వెంటే సీమలో ఆ మాటకున్న బరువు తమకు తెలియనిది కాదు. పక్కింట బిడ్డ పుడితే వీధి వీధంతా చెప్పవలసినవాడు, పెళ్లయితే గుమ్మానికి పచ్చతోరణం కట్టవలసినవాడు, ఎవరైనా పోతే శవపేటికకు భుజం పట్టవలసినవాడు అతడే. నోటీసు వచ్చినప్పుడు జవాబు రాయవలసినవాడు కూడా అతడేనని సంతకందారు అభిప్రాయం.

నోటీసు సారాంశం ఇది. బెరెండ్ పెరట్లో టార్పాలిన్లు కప్పి ఉంచిన మూడు కార్లకు ఈ దేశపు నంబరు లేదు. అవి రోడ్డుకు కనిపిస్తున్నాయి. నెలాఖరులోగా తీయకపోతే పురపాలక సంఘమే తీయిస్తుంది. తీయిస్తే బెరెండ్ వ్యాపారానికి అదే ఆఖరు, ఎందుకంటే ఆ పెరడే అతని దుకాణం. నోటీసులో ఉటంకించిన నిబంధన, ముఖ్యంగా ఊపిరాడనివ్వని దాని మూడవ వాక్యం, తమ కార్యాలయంలో పనిచేసిన రోజుల్లో సంతకందారు స్వహస్తాలతో రాసినదే. ఇప్పుడు మళ్లీ చదివితే ఆయనకే అర్థం కాలేదు.

ఇక బెరెండ్ సంగతి. అతనిలో ఉన్న విశేషం ఒక్కటే: అతనికి తొందర లేదు. విదేశం నుంచి తెచ్చిన పాత కారును ఇక్కడ నమోదు చేయించాలంటే పన్ను కట్టాలి. కారు వయసు పెరిగేకొద్దీ ఆ పన్ను నెలనెలా తగ్గుతుంది. పాతికేళ్లు నిండిన కారుకు పన్నే ఉండదు. తమకూ మాకూ కారు పాతబడటం నష్టం. బెరెండ్‌కు అది పంట. చీజ్‌కూ కారుకూ కావలసింది ఒకటేనంటాడు, చల్లని కొట్టం, కదలకుండా కూర్చోగల మనిషి. రోజూ పొద్దున కాఫీ కప్పు పట్టుకొని పెరట్లోకి వస్తాడు. ఒక్కొక్క టార్పాలిన్ మూల ఎత్తి లోపలికి తొంగిచూస్తాడు. పొదిగే కోడిని చూసే చూపు అది.

కొనడానికి వచ్చినవాడు ఎవరైనా సరే, ధర అడిగితే అతని జవాబు మూడు మాటలు: “ఇంకా పండలేదు, బాబూ.” హెంగెలో ఊరి నుంచి వచ్చిన ఒకాయన ఆ పన్ను తేడా ఏదో తానే భరిస్తానన్నాడు. పచ్చి పియర్ కాయను కొమ్మ మీదనే కొరకబోయినవాణ్ణి చూసినట్టు చూశాడు బెరెండ్. మరొక కొత్త జంట ఇద్దరు మాత్రమే కూర్చునే ఎర్రకారుకు మాట ఇచ్చి వెళ్లారు. అది పండేసరికి వాళ్లకు కవలలు పుట్టారు. బెరెండ్ ఏమాత్రం చలించలేదు. వెనక వరుసలో అప్పుడే పక్వానికి వచ్చిన వ్యాన్ ఒకటి చూపించాడు. వాళ్లు కృతజ్ఞతతో అదే తీసుకువెళ్లారు.

ఈ గుణం కార్లతో ఆగలేదు. ఈస్టర్ చాక్లెట్ గుడ్లు అతని ఇంట్లోకి ఈస్టర్ దాటాకే వస్తాయి. కొత్త సంవత్సరపు డైరీ మార్చిలో కొంటాడు. పెళ్లి కూడా ఇదే పద్ధతిలో జరిగిందని అతని భార్య హెన్నీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. “నన్నూ ఏళ్ల తరబడి నానబెట్టాడండీ. చివరికి మా నాన్నే పిలిచి, అబ్బాయ్, ఇది నిలవ ఉండే సరుకు కాదు, అన్నాడు. అప్పుడొచ్చాడు ఉంగరం పట్టుకుని.”

ఇక్కడ సంతకందారు స్వయంగా చేసిన ఒక ఘనకార్యాన్ని పేర్కొనక తప్పదు. మనందరి ఇళ్లలోలాగే మోర్సింక్ గారింట్లో కూడా పుట్టినరోజుల క్యాలెండరు మరుగుదొడ్డి తలుపుకు, కూర్చున్న మనిషికి ఎదురుగా వేలాడుతుంది. ఒకనాడు ఆ ఆసనం మీద ఉండగా మరుసటి శనివారం గడిలో ‘ఫెలీసియా’ అని కొట్టొచ్చినట్టు రాసి ఉండటం సంతకందారు గమనించాడు. మోర్సింక్ దంపతులకు ఆ పేరుగల మనవరాలున్నట్టు ఆయనకు తెలియదు. తెలియకపోవడం పొరుగువాడిగా తన లోపమేనని నొచ్చుకొని, శనివారం నాడు పూలగుత్తి, బొమ్మ ఎలుగుబంటి పట్టుకొని, ఇస్త్రీ చేసిన కోటుతో హాజరయ్యాడు. పుట్టినరోజు ఎవరిదైనా ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరికీ చెయ్యి కలిపి అభినందించడం మన మర్యాద గనుక, ముందుగా హెన్నీ చెయ్యి అందుకున్నాడు.

“ఫెలీసియా పుట్టినరోజు, అభినందనలు హెన్నీ.”

“ఏ ఫెలీసియా?” అంది హెన్నీ.

ఇదేదో కుటుంబ రహస్యమని సంతకందారు గొంతు తగ్గించబోయాడు. అంతలో కొట్టంలోంచి బెరెండ్ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

“మీకు గుర్తుందా, పొరుగాయనా? వెనకాలుంది. టార్పాలిన్ కప్పేశాను.”

“కప్పేశావా? ఎప్పట్నుంచి?”

“వచ్చినప్పట్నుంచీ. చలికి పాపం దగ్గుతుంది. ఇంకొన్నాళ్లు అలాగే ఉంచానంటే దాని కోసం ఎవడికీ ఏమీ కట్టక్కర్లేదు.”

పోలీసులకు రాయవలసిన ఉత్తరం మొదటి పేరా సంతకందారు మనసులో పూర్తయింది. హెన్నీ ఆయన ముఖం చూసి, పూలు చూసి, ఎలుగుబంటిని చూసి, సోఫా మీద కూలబడి కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. ఫెలీసియా జర్మనీ నుంచి వచ్చిన కారు అని అప్పుడు తెలిసింది. కార్ల వయసు లెక్క తప్పకుండా బెరెండ్ వాటి పుట్టినరోజులన్నీ ఆ క్యాలెండరులోనే రాస్తాడట. ఈ కథ సాయంత్రానికల్లా వీధి చివరిదాకా పాకింది. ఆనాటి నుంచి ప్రతి కారు పుట్టినరోజుకూ ఎవరో ఒకరు వచ్చి గుండ్రంగా వేసిన కుర్చీల్లో కూర్చుని కాఫీ తాగి వెళ్తున్నారు. కార్లకు కూడా కేకు చేయాల్సొస్తే తాను పుట్టింటికి పోతానని హెన్నీ ప్రకటించింది. తలకొక్క బిస్కెట్ ఇచ్చి డబ్బా మూత టక్కున వేసేస్తోంది.

అసలు విషయానికి వస్తే, గత శీతాకాలంలో సంతకందారు భార్య యన్నా మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ తరువాత కోలుకోవడానికి ఆమెను ఓల్డెన్‌జాల్‌లోని ఒక సంరక్షణ గృహంలో ఉంచారు. రోజూ వెళ్లి చూడాలి. మన బస్సు ఆదివారం రాదు, మిగతా రోజుల్లో దాని ఇష్టం. ఇంట్లో ఉన్న పాత కారు అంతకుముందే ప్రాణం విడిచింది. సంతకందారు బెరెండ్‌ను చిన్న కారు ఒకటి అడిగాడు. దయచేసి ఈ ఒక్కసారి త్వరగా, అని కూడా అడిగాడు. బెరెండ్ తల ఊపాడు. త్వరలోనే కబురు చేశాడు, నీలం రంగు ఓపెల్ ఒకటి వచ్చింది, చూసుకోండి అని.

సంతకందారు కొట్టంలోకి వెళ్లి బెరెండ్ చేతిని పట్టుకొని ఊపాడు. ఆ ఉదయం అతని చెయ్యి మెత్తగా, ఎముక లేనట్టు తోచింది. మర్యాద కొద్దీ ఏమీ అనలేదు. బాగా చిక్కిపోయావని మాత్రం అన్నాడు. జవాబు వెనక నుంచి వచ్చింది.

“పొరుగాయనా, ఆ నంబరు పలక ఎలా ఉందో చూస్తారా?”

సంతకందారు వంగి కారు ముందుభాగాన్ని క్షుణ్ణంగా పరిశీలించాడు. “పలక ఇంకా బిగించలేదు కదయ్యా,” అన్నాడు.

బెరెండ్ కారు దగ్గరికి నడిచి వచ్చాడు. తరువాత టార్పాలిన్ లాగి కారు మీద కప్పేశాడు. “అవును,” అన్నాడు. “ఇంకా పండలేదు.”

ఆ మాటకు సంతకందారుకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. వెంటనే ఇంటికి వెళ్లి బెరెండ్ పేర నాలుగు పేజీల అభ్యంతర పత్రం రాశాడు. భార్య మంచాన ఉన్న మనిషిని పన్ను కోసం నిలబెట్టడం మానవత్వమేనా అన్న ప్రశ్నను దానిలో మూడు రకాలుగా వేశాడు. ఆ పత్రాన్ని తపాలాపెట్టెలో వేయడానికి బెరెండ్ కారులోనే వెళ్లాడు. ఎందుకంటే ఆ మధ్యాహ్నం నుంచి బెరెండ్ రోజూ సంతకందారును ఎక్కించుకొని ఓల్డెన్‌జాల్‌కు బయలుదేరసాగాడు, తానెలాగూ అటే పోతున్నానంటూ. వెళ్లి ఒక బోల్టు కొంటాడు. మర్నాడు దానికి తగ్గ నట్టు. ఆ మర్నాడు వాషర్. ఇంత చేతకాని వ్యాపారి కార్లెలా అమ్ముతాడని సంతకందారు జాలిపడి, అన్నీ ఒకేసారి డబ్బాతో కొనుక్కోవచ్చు కదా అని దారి పొడుగునా హితబోధ చేసేవాడు. బెరెండ్ వినేవాడు. మధ్యమధ్య, కళ్లద్దాలు మరిచాననీ ఆ బోర్డు మీద ఏముందో చెప్పమనీ అడిగేవాడు. సంతకందారు తడుముకోకుండా “ఓల్డెన్‌జాల్, నేరుగా,” అనేవాడు. ఒకసారి ఆ బోర్డు మీద ‘దారి మూసివేయబడినది’ అని ఉందట.

ఆ వారంలోనే బెరెండ్ ఎప్పుడూ లేనిది బేలగా వచ్చాడు. తన కళ్లు మసకేస్తున్నాయనీ, పరీక్షకు ఒక్కడే వెళ్లాలంటే గుండె దడగా ఉందనీ, తోడు రావాలనీ ప్రాధేయపడ్డాడు. అతి దగ్గరి పొరుగువాడు కాదనగలడా? సంతకందారు అతని మోచెయ్యి పట్టుకొని ధైర్యం చెబుతూ లోపలికి నడిపించాడు. డాక్టరమ్మ బెరెండ్ కళ్లు చూసింది, గద్దకు కూడా ఇంత చూపు ఉండదంది. వచ్చారు కదా అని సంతకందారు కళ్లు కూడా చూసింది. చాలాసేపు చూసింది.

“రెండు కళ్లలోనూ శుక్లాలు బాగా పండిపోయాయి,” అంది. “ఇక్కడిదాకా మీరెలా రాగలిగారు?”

“ఇతనికి తోడొచ్చానమ్మా,” అన్నాడు సంతకందారు.

ఒక కంటి తరువాత ఒక కంటికి ఆపరేషన్ అయింది. రెండవ కంటి కట్టు విప్పిన నాడు లోకంలో ఇన్ని రంగులున్నాయని తెలిసింది. తన కోటు నల్లది కాదు, ముదురు ఆకుపచ్చ. గోడ మీది మచ్చ మచ్చ కాదు, గడియారం. సంతకందారు నేరుగా బెరెండ్ పెరట్లోకి వెళ్లి ఓపెల్ మీది టార్పాలిన్ ఎత్తాడు. కారు ముక్కు మీద, గుడ్డివాడికి కూడా తగలవలసినంత పసుపుపచ్చగా, మన దేశపు నంబరు పలక ఉంది.

పన్ను ఎప్పుడు కట్టావని అడిగితే బెరెండ్ తన బూట్లు చూసుకున్నాడు. జవాబు వంటింటి కిటికీలోంచి వచ్చింది.

“తెచ్చిన వారంలోనే కట్టేశాడండీ. యన్నా ఎదురుచూస్తుందని. ఈయన దేనికైనా వెంటనే కట్టడం ఈ జన్మకి అదొక్కటే చూశాను.” హెన్నీ కిటికీలోంచి ఇంకాస్త బయటికి వంగింది. “పైగా ఆ రోజు మీరు పట్టుకు ఊపింది ఈయన చెయ్యి కాదు. మేకుకు తగిలించిన పని అంగీ. చిక్కిపోయావని దాన్ని పరామర్శించారు కూడా.”

కళ్లు బాగోలేవని అప్పుడే చెప్పి ఉండవచ్చు కదా అని సంతకందారు నిలదీశాడు.

“చెబితే ఒప్పుకునేవారా, పొరుగాయనా?” అన్నాడు బెరెండ్. “పండలేదంటేనే నాలుగు పేజీలు రాశారు. కళ్లు కనపడట్లేదంటే పుస్తకమే రాసేవారు. అంతా చదవాల్సింది నేనే కదా.”

మరుసటి ఆదివారం సంతకందారు ఆ నీలం ఓపెల్‌ను స్వయంగా నడిపి యన్నాను ఇంటికి తీసుకువచ్చాడు. దారిలో కథంతా చెప్పాడు. ఆమె అంతా విని, ఇన్నాళ్లూ తన ముఖం సరిగా కనపడనందువల్లనేనా అంత ప్రేమగా మాట్లాడారని మాత్రం అడిగింది. బోర్డులు చదువుతున్నందువల్ల జవాబు చెప్పడం కుదరలేదు.

కావున విన్నపం ఏమనగా: నోటీసులోని మూడు కార్లలో నీలం ఓపెల్ చట్టప్రకారం నమోదైనది, పైగా ఇప్పుడు సంతకందారు ఇంటి ముందు నిలుస్తున్నది గనుక దానిని ఆ జాబితా నుంచి తొలగించగలరు. మిగిలిన రెండింటికీ నంబరు లేదనడం వాస్తవం. బెరెండ్ వాటికి పన్ను ఎగవేయడు. కడతాడు, తన వేళకు కడతాడు. అయినా నోటీసును రద్దు చేయమని కోరడం సంతకందారు ఉద్దేశం కాదు. తాను రాసిన నిబంధనను తానే రద్దు చేయమనేంత ధైర్యం ఆయనకు లేదు. ఈ ఉత్తరాన్ని ‘పరిశీలనలో ఉన్నది’ అన్న ముద్ర వేసి అన్నిటికన్నా అడుగున ఉంచవలసిందని మాత్రమే ప్రార్థన. ఆ ముద్ర కింద ఒక కాగితం ఎంత కాలం హాయిగా నిద్రపోగలదో సంతకందారు తన ఉద్యోగకాలమంతా చూశాడు. వాటిలో చాలావాటికి జోల పాడినవాడు తానే. జవాబు త్వరగా వస్తుందేమోనన్న భయం తప్ప ఆయనకు మరే ఇబ్బందీ లేదు.

ఇట్లు
విధేయుడు
ఎవర్ట్ స్లోట్‌మన్
అతి దగ్గరి పొరుగువాడు